కొడైకెనాల్‌లో ఉగ్గు ఉడకలేదు

అమ్మమ్మ పోయి రెండేళ్లు దాటింది. ఆ పన్నెండు రోజులూ తెనాలి ఇంట్లో అందరం ఒక్కచోటే ఉన్నాం కానీ దాన్ని కలవడం అనలేం కదా. తర్వాత ఎవరి ఊళ్లో వాళ్లం. పెద్దమామయ్యావాళ్లది చెన్నై, పిన్నీవాళ్లది విజయవాడ, బావది బెంగళూరు, మేమూ అమ్మానాన్నా హైదరాబాద్. తాతయ్య ఒక్కరే తెనాలిలో. ఆ ఇల్లు వదిలి రానంటారు. ఫ్యామిలీ గ్రూపులో పువ్వుల గుడ్‌మార్నింగ్‌లకి మాత్రం ఏనాడూ లోటు లేదు. మా పాప పుట్టినప్పుడు "అందరం ఎక్కడైనా నాలుగు రోజులు కలుద్దాం" అని మొదలైన మాట ఎనిమిది నెలలు నానీ నానీ, చివరికి రిపబ్లిక్ డే సెలవులకి కొడైకెనాల్ అని తేలింది.

కొడైకెనాలే ఎందుకంటే తాతయ్య కోసం. ఆయన కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. 1979లో బీఎస్సీ పిల్లల్ని వెంటేసుకుని ఎక్స్‌కర్షన్‌కి కొడైకెనాల్ వెళ్లొచ్చారు. అమ్మమ్మని తీసుకెళ్లలేదు. ఆ సంగతి ఆవిడ బతికున్నన్నాళ్లూ ఏదో ఒక వంకతో లాగేది. "ఊళ్లో వాళ్ల పిల్లలందరికీ కొండలు చూపించారు, నన్ను మాత్రం తిరుపతి కొండ తప్ప ఇంకో కొండ ఎక్కించలేదు" అనేది. తాతయ్య పేపరు అడ్డం పెట్టుకునేవారు.

ప్రోగ్రాం అంతా పెద్దమామయ్య వేశాడు. బ్యాంకులో రిటైరయ్యాడు, ఎక్సెల్ షీటు లేకుండా కూరగాయలు కూడా కొనడు. నాలుగు రోజులు, పదిహేడు చోట్లు, ఒక్కోదానికి ఎదురుగా గంటలూ నిమిషాలూ. రెండో రోజు వరసలో "పాప నిద్ర: 1.00 – 2.00" అని పసుపు రంగు గడి కూడా ఉంది. పాప ఆ షీటు చూసినట్టు లేదు.

మొత్తం పద్నాలుగు మందిమి. అందరికన్నా పెద్దవారికి ఎనభై మూడేళ్లు, అందరికన్నా చిన్నదానికి ఎనిమిది నెలలు.

మొదటి రోజు, శుక్రవారం

తాతయ్య వారం ముందే హైదరాబాద్ వచ్చేశారు. ఆయనా, అమ్మానాన్నా, మేం ముగ్గురం పొద్దున్న విమానంలో మదురై దిగాం. విమానం కిందికి దిగేటప్పుడు పాపకి పాలు పట్టమని డాక్టరుగారు ముందే చెప్పారు. మింగుతూ ఉంటే చెవులు బిగుసుకోవట. చెప్పినట్టే చేశాను. మా పాప హాయిగా ఉంది, పక్క సీట్లో మా ఆయన చెవులు మూసుకుని కూర్చున్నారు.

బయట టెంపో ట్రావెలర్ డ్రైవరు మా పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డాడు. నాన్న వచ్చీరాని తమిళంలో ఏదో మొదలుపెడితే అతను నవ్వి, "తెలుగే మాట్లాడండి సార్, మా ఇంట్లోనూ తెలుగే" అన్నాడు. వాళ్లది పెరియకుళం వైపు పల్లె. తాతల ముత్తాతల నాటి నుంచి ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మాట్లాడటమే తప్ప చదవడం, రాయడం రాదట. మదురైని నాయక రాజులు ఏలిన కాలంలో ఇటు తరలి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు ఈ చుట్టుపక్కల జిల్లాల్లో చాలామంది ఉన్నారని చదివానే గానీ, ఆ తెలుగు చెవిన పడటం ఇదే మొదటిసారి. కాస్త సాగదీసినట్టు, మధ్యమధ్య తమిళం కలిసి, వింటుంటే దూరపు చుట్టం మాటలాగే ఉంది. మా పిల్లని చూసి "పాప" అన్నాడు. ఆ మాట తమిళంలోనూ ఉంది కాబట్టి ఏ భాషలో పిలిచాడో తెలియలేదు.

అసలు కలయిక బత్లగుండులో. చెన్నై నుంచి పాండ్యన్ ఎక్స్‌ప్రెస్‌లో బయల్దేరిన పెద్దమామయ్య, అత్తయ్య, పిన్ని, బాబాయి, చెల్లి తెల్లారకముందే కొడైకెనాల్ రోడ్ స్టేషన్‌లో దిగారు. ఆ పేరు చూసి ఊరొచ్చేసిందనుకునేరు, అసలు ఊరు ఇంకా ఎనభై కిలోమీటర్లు. బావావాళ్లు బెంగళూరు నుంచి సేలం, కరూర్, దిండిగల్ మీదుగా కారులో వచ్చారు. ఒక మెస్సులో అరిటాకుల ముందు కూర్చోబోతూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నాం. ఎవరు ముందు ఏడుస్తారా అని చూస్తున్నాను, ఎవరూ ఏడవలేదు. పాప చేతులు మారడం మొదలైంది. అత్తయ్య నుంచి పిన్నికి, పిన్ని నుంచి చెల్లికి, అక్కడి నుంచి బావ కొడుకు ఒళ్లోకి. వాడికి ఆరేళ్లు. "దీనికి పళ్లు రెండేనా?" అని నోరు తెరిచి లెక్కపెట్టాడు. నేను సాంబారన్నం వేడివేడిగా, రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని తిన్నాను. ఎనిమిది నెలల్లో అలా తినడం అదే మొదలు.

ఘాట్ రోడ్డు గురించి ఎక్కువ చెప్పను. అరవై కిలోమీటర్లు కూడా లేని దూరానికి రెండున్నర గంటలు పట్టింది. బావ కొడుక్కి మూడుసార్లు వాంతి, బాబాయికి ఒకసారి (ఇది రాయొద్దన్నాడు). డమ్‌డమ్ రాక్ దగ్గర ఆగి చూస్తే ఎదురు కొండ మీంచి తలైయార్ జలపాతం తెల్లటి దారంలా వేలాడుతోంది. దాన్నే ఎలుక తోక జలపాతం అని కూడా అంటారు, పేరు సరిగ్గా కుదిరింది. అంతసేపూ పాప నిద్రపోయింది. ఇంట్లో గంటసేపు ఊపితే గానీ పడుకోని పిల్లకి ఈ మెలికలే ఊయల అయ్యాయి.

ఊరికి ముందు చెక్‌పోస్టు. 2024 మే నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కి వెళ్లే వాహనాలకి ఈ-పాస్ ఉండాలి. మామయ్య రెండు బళ్లకీ ముందే తీసి, ప్రింట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చాడు. అక్కడ దొరికిపోయింది మాత్రం ప్లాస్టిక్కే. వాడి పారేసే నీళ్ల సీసాలు పైకి తేకూడదు. మేమందరం స్టీలు సీసాలు తెచ్చాం, అత్తయ్య మాత్రం పాపకి పనికొస్తాయని డైపర్ల సంచి అడుగున రెండు సీసాలు దాచింది. అవి తీసి ఇస్తుంటే మామయ్య మొహం చూడాలి.

ఇంకొంచెం ముందుకెళ్తే సిల్వర్ క్యాస్కేడ్. 180 అడుగుల ఎత్తు నుంచి పడే నీరు. పైన కొడైకెనాల్ చెరువులోంచి పొర్లి వచ్చేదే ఆ జలపాతం అన్నాడు డ్రైవరు. అంటే మేం చెరువుని చూడకముందే చెరువే ఎదురొచ్చిందన్నమాట. అక్కడ కోతులు చిప్స్ ప్యాకెట్ల కోసం కాచుక్కూర్చున్నాయి.

మేం దిగిన ఇల్లు చెరువుకి పది నిమిషాల నడక. ఫోన్లో చెప్పిన ఉయ్యాల తొట్టె లేదు, హీటరు ఉంది కానీ అది పెడితే లైట్లు ఆరిపోతున్నాయి. సర్లే, పద్నాలుగు మంది ఉన్న ఇల్లు దానంతటదే వేడెక్కుతుందని సర్దుకున్నాం. పెట్టెలు విప్పితే ఆవకాయ వాసన గుప్పుమంది. పిన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి తెచ్చిన ఆవకాయ కొండ ఎక్కేసరికి మూత ఉబ్బి, నూనె బయటికి తన్నింది. పక్కనే ఉన్నవి పాప బట్టలు. తెల్ల ఫ్రాకు ఒకటి ఇప్పటికీ ఎర్రగానే ఉంది.

సాయంత్రం ఉగ్గు గొడవ. బియ్యం, పెసరపప్పు, కందిపప్పు దోరగా వేయించి, రవ్వలా విసిరి పిన్ని పాప కోసం తెచ్చింది. ఇంట్లో అయితే పది నిమిషాల్లో మెత్తగా ఉడికిపోయే సరుకు. ఇక్కడ పావుగంటైనా గింజ గింజలాగే ఉంది. నీళ్లు మాత్రం కుతకుతలాడుతున్నాయి. "స్టవ్వు సరిగ్గా మండట్లేదు" అంది పిన్ని. "ఇక్కడి నీళ్లు తేడా" అంది అత్తయ్య. అమ్మ పిండిలో పప్పు ఎక్కువైందంది. శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చున్న తాతయ్య అప్పటిదాకా కళ్లు మూసుకునే ఉన్నారు.

"ఏడు వేల అడుగుల ఎత్తులో ఉన్నామమ్మా. ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ. నీళ్లు 100 డిగ్రీల దాకా పోవు, 93 దగ్గరే మరిగిపోతాయి. ఎంత మంట పెట్టినా అంతే. కుక్కర్ ఉంటే పెట్టు."

కుక్కర్ లేదు. తాతయ్య లేచి వచ్చి స్టవ్వు పక్కన నిలబడి వాచీ చూడటం మొదలుపెట్టారు. ఇరవై రెండు నిమిషాలకి గింజ మెదిగింది. ఆ ఇరవై రెండు నిమిషాలూ పాప ఆకలికి ఏడుస్తూనే ఉంది, దాన్ని ఎత్తుకుని ఎనిమిది మంది వంతులవారీగా వరండాలో తిరిగారు. "నాకేం తెలియదు, స్టవ్వుదే తప్పు" అని పిన్ని చివరిదాకా ఒప్పుకోలేదు.

రెండో రోజు, శనివారం

పాప ఐదున్నరకి లేచింది. ఫోన్లో 9 డిగ్రీలు చూపిస్తోంది. మిగతావాళ్లని లేపకూడదని దాన్ని స్ట్రోలర్‌లో పడేసుకుని చెరువు వైపు బయల్దేరాం, నేనూ మా ఆయనా. గేటు దగ్గర మఫ్లరు చుట్టుకుని తాతయ్య. "నేనూ వస్తాను, నిద్ర పట్టట్లేదు" అన్నారు.

ఆ వేళప్పుడు చెరువు మీద పొగమంచు పాల మీగడలా పరుచుకుని ఉంది. గట్టున యూకలిప్టస్ చెట్ల కాండాలు సగం నుంచి పైకే కనిపిస్తున్నాయి. చెరువు చుట్టూ రోడ్డు దాదాపు ఐదు కిలోమీటర్లు. గుండ్రంగా ఉండదు, చేతులు నాలుగు వైపులా చాపినట్టు ఉంటుంది. అందుకే నక్షత్రం ఆకారం అంటారు. నేల మీద నడిచేవాడికి ఆ నక్షత్రం ఎప్పుడూ కనిపించదు, ప్రతి మలుపులోనూ చెరువు అయిపోయిందనిపించి మళ్లీ మొదలవుతుంది.

ఇది తనంత తాను ఏర్పడ్డ చెరువు కాదు. కింద మదురై జ్వరాలకి తట్టుకోలేక అమెరికా మిషనరీలు 1845లో ఇక్కడ ఇళ్లు కట్టుకున్నారు. తర్వాత మదురై కలెక్టరుగా చేసిన వీర్ లెవింజ్ 1863లో వాగుకి కట్ట వేయించి, బురద నేలని చెరువు చేశాడు. తాతయ్య ఇదంతా నాకు చెప్పట్లేదు, స్ట్రోలర్ మీదికి వంగి పాపకి చెప్తున్నారు. పాప గుర్రం వైపు చూస్తోంది. అద్దె గుర్రాలు అప్పుడే ఒక్కొక్కటీ వచ్చి నిలబడుతున్నాయి. వాటి పేడ మా స్ట్రోలర్ చక్రాలకి అంటుకుని ఇంటిదాకా వచ్చింది, అది వేరే కథ.

షీటు ప్రకారం తొమ్మిదింటికి పడవ. ఎనిమిది నెలల పిల్లకి సరిపోయే లైఫ్ జాకెట్ ఎక్కడ దొరుకుతుంది? పాపని ఎక్కించేది లేదన్నాను. "అంత మందిమి ఉన్నాం, పట్టుకోమా" అని బాబాయి అన్నాడు గానీ, మా అమ్మ చూసిన చూపుకి మళ్లీ మాట్లాడలేదు. మిగతావాళ్లు రెండు పడవల్లో వెళ్లారు. నేనూ తాతయ్యా పాపా బెంచీ మీద ఉండిపోయాం. తొక్కుడు పడవలో మామయ్యా బావా చెరో దిక్కుకి తొక్కుతుంటే అది ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది. తండ్రీకొడుకులు అంత గట్టిగా నవ్వుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఒడ్డున కాల్చిన మొక్కజొన్న పొత్తు కొనుక్కుని, తాతయ్య గింజలు ఒలిచి నాకు ఒక్కొక్కటీ ఇస్తున్నారు, చిన్నప్పుడు తేగలు చీల్చి పెట్టినట్టు.

పాప పదకొండుకి పడుకుంది. పసుపు గడి ఒంటిగంటకి. పడుకున్న పిల్లని కదిలించేది లేదు కాబట్టి అందరం ఇంటి వరండాలో కూలబడ్డాం. గార్డెన్ పోయింది, మ్యూజియం పోయింది. మామయ్య ఫోనులో ఒక్కో గడినీ ఎరుపు చేస్తున్నాడు. ఏం చెయ్యాలో తోచక పిన్ని, అమ్మ, మామయ్య ముగ్గురూ తెనాలి ఇంటి పెరట్లో జామచెట్టు ఎవరు నాటారన్న దాని మీద గంటన్నర కొట్టుకున్నారు. గొంతు పెరిగినప్పుడల్లా ఎవరో ఒకరు "ష్, పాప!" అనడం, మళ్లీ గుసగుసల్లో పోట్లాడుకోవడం.

మధ్యాహ్నం తాతయ్య కోసం సౌర పరిశోధనశాలకి. ఇది 1899 నాటిది. మద్రాసులో ఉన్న పాత అబ్జర్వేటరీ పనిని ఈ కొండ మీదికి మార్చారు. ఇక్కడే 1909లో ఎవర్‌షెడ్ అనే ఆయన సూర్యుడి మచ్చల్లో వాయువులు మధ్య నుంచి అంచులకి పారుతున్నాయని కనిపెట్టాడు. వందేళ్లకి పైగా ఇక్కడ సూర్యుడి ఫొటోలు తీస్తూనే ఉన్నారు. తీరా మేం వెళ్లేసరికి అది సందర్శకులని రానిచ్చే వేళ కాదు. వేళలు ముందు కనుక్కోకపోవడం మా తప్పే. పదిహేడు చోట్ల టైమింగులు రాసిన మామయ్య ఈ ఒక్కటీ వదిలేశాడు. పాపం, ఆ రోజంతా ఇంక మాట్లాడలేదు.

తాతయ్య గేటు దగ్గరే నిలబడ్డారు. చెట్ల మధ్య నుంచి గుమ్మటం అంచు కాస్త కనిపిస్తోంది. "అప్పుడు తెల్ల తెర మీద సూర్యుణ్ణి చూపించారు. పళ్లెమంత. మధ్యలో చిన్న చిన్న మచ్చలు. మా పిల్లల్లో ఒకడు తెర మీద దుమ్మనుకుని తుడవబోయాడు" అన్నారు. మచ్చ ఒక్కోటి భూమి కంటే పెద్దదని చెబితే ఆ కుర్రాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడట. తర్వాత ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు సంగతి చెప్పారు. బప్పు తండ్రి హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు, బప్పు చదివింది నిజాం కాలేజీలో. హార్వర్డ్‌లో ఉండగా 1949లో ఒక తోకచుక్కని కనిపెట్టి, 1960లో ఈ కొండకి డైరెక్టరుగా వచ్చారు. "మన హైదరాబాద్ నుంచి వచ్చినవాడు" అని తాతయ్య గేటు కాపలాదారుకి తెలుగులో చెప్తున్నారు. అతను తల ఊపాడు. పాప తాతయ్య మఫ్లరు అంచు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

ఆ రాత్రి అసలు టెన్షన్. ఎనిమిదింటికి పాప ఒళ్లు కాలిపోతోంది. బుగ్గలు ఎర్రగా అయ్యాయి, విసుగ్గా ఏడుస్తోంది. థర్మామీటర్ పెడితే 100.4. ఇంట్లో గాలి ఆగిపోయినట్టయింది. అమ్మ దిష్టి అంది, ఉప్పు కోసం వంటింట్లోకి పరిగెత్తింది. అత్తయ్య పొద్దున్నే చలిలో తిప్పారని మమ్మల్ని తిట్టింది. మా ఆయన కిందికి దిగిపోదాం, మదురైలో హాస్పిటల్‌కి వెళ్దాం అంటున్నారు. రాత్రి పూట, ఆ ఘాట్ రోడ్డులో! నేను వణుకుతూ హైదరాబాద్ డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆవిడ అంతా విని, "పాలు తాగుతోందా?" అన్నారు. తాగుతోంది. "సరే, ఎన్ని బట్టలు వేశారు?"

అప్పుడు లెక్కపెట్టాం. నేను వేసిన బనీనూ, నిండు చేతుల జుబ్బా. దాని మీద అమ్మ అల్లిన స్వెట్టర్. దాని మీద పిన్ని కొన్న ఉన్ని కోటు. చలేస్తోందని అత్తయ్య తొడిగిన ఇంకో స్వెట్టర్. మంకీ క్యాప్, దాని కింద కుచ్చుల టోపీ. రెండు జతల సాక్సులు. పైన తాతయ్య మఫ్లరు, దుప్పటి. ఎవరికి వాళ్లు తామొక్కరమే వేశామనుకున్నారు.

ఫోన్‌లో ఆవిడ నవ్వు ఆపుకున్నట్టు అనిపించింది. "పెద్దవాళ్ల కంటే ఒక్క పొర ఎక్కువ వేస్తే చాలు. తీసేసి అరగంట ఆగి మళ్లీ చూడండి. అప్పుడూ ఉంటే చెయ్యండి." ఒక్కోటీ విప్పుతుంటే ఎవరిది వాళ్లు వచ్చి మాట్లాడకుండా తీసుకెళ్లారు. అరగంట తర్వాత 98.8. పాప తాతయ్య కళ్లజోడు లాగి నవ్వింది.

పాత గాజు థర్మామీటర్లు ఈ ఊళ్లోనే తయారయ్యేవని తాతయ్య అప్పుడు చెప్పారు. అమెరికాలో నడిచిన ఒక కర్మాగారాన్ని ఎనభైల్లో ఇక్కడికి తెచ్చి పెట్టారు. పాదరసం ఉన్న చెత్త బయటికి పోతోందని జనం గొడవ చేస్తే 2001లో మూసేశారు. పనివాళ్ల పరిహారం తగవు 2016 దాకా నడిచింది. ఇంత చల్లటి ఊళ్లో జ్వరం కొలిచే సాధనం తయారు చేసి, ఊరికే జబ్బు తెచ్చారన్నమాట. ఎవరూ పెద్దగా వినలేదు, అందరం అలిసిపోయి ఉన్నాం.

మూడో రోజు, ఆదివారం

తెల్లవారుజామున చెరువుకి వెళ్దామని గేటు దగ్గరికి వచ్చేసరికి తాతయ్య ఒక్కరే కాదు, పిన్ని, నాన్న, బావ కూడా ఉన్నారు. మామయ్య ఇంకో ఐదు నిమిషాలకి పళ్లు తోముకుంటూ వచ్చాడు. షీటులో ఉదయం నడక అన్నది ఎక్కడా లేదు.

తర్వాత పూంబారై. ఊరికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో, కొండవాలులో మెట్లు మెట్లుగా చెక్కిన పొలాల మధ్య పల్లె. పైన రోడ్డు మీంచి చూస్తే ఎర్ర పెంకుల ఇళ్లు ముగ్గు గిన్నెలోంచి ఒలికినట్టు కనిపిస్తాయి. ఆ పొలాల్లో వెల్లుల్లి ఎక్కువ. కొడై కొండ వెల్లుల్లికి 2019లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. రెబ్బ చిన్నది, ఘాటు మాత్రం గుంటూరు మిరపతో పోటీ పడేలా ఉంది. అత్తయ్య రెండు కిలోలు కొంది. బండి తిరిగి వచ్చేటప్పుడు ఆ వాసనకి బాబాయికి మళ్లీ... సరే, రాయను.

అక్కడ గుళ్లో దేవుడు కుళందై వేలప్పర్. కుళందై అంటే పసిబిడ్డ. మా డ్రైవరు కథ చెప్పాడు. అరుణగిరినాథర్ అనే భక్తుడు అక్కడ పడుకుని ఉంటే రాక్షసి మింగడానికి వచ్చిందట. మురుగన్ పసిపిల్లాడై ఆయన ఒంటి మీద ఆడుకుంటూ కూర్చున్నాడు. ఎవరో తల్లీ బిడ్డా పడుకున్నారనుకుని రాక్షసి వెళ్లిపోయింది. పిల్లతో ఉన్నదాని జోలికి రాక్షసి కూడా రాదన్నమాట, మా ఆఫీసులో మేనేజరుకి ఈ కథ ఎవరైనా చెప్తే బావుండు. పూజారిగారు పాప నుదుటికి విభూతి పెడితే అది తుమ్మింది. శుభమే అని అమ్మ వెంటనే తేల్చేసింది.

బావావాళ్లు, చెల్లి మన్నవనూరు చెరువు వైపు ముందుకు పోయారు. పాపకి నిద్ర వేళ అయిందని మేం వెనక్కి తిరిగాం. ఊళ్లోకి రావడానికి గంటన్నర పట్టింది. వారాంతం సెలవులు కదా, మదురై, కోయంబత్తూరు బళ్లన్నీ అక్కడే ఉన్నాయి. కొండ అంచున ఉన్న నడకదారి, కోకర్స్ వాక్ కూడా చూశాం, అనాలేమో. మంచు తప్ప ఏమీ కనిపించలేదు. పొద్దున్నే వెళ్లాల్సింది.

సాయంత్రం కుఱింజి ఆండవర్ గుడి. లేడీ రామనాథన్‌గా పేరుపడిన ఒక విదేశీ మహిళ హిందువై 1936లో కట్టించిన గుడి ఇది. పెరట్లోంచి చూస్తే ఒకవైపు దూరంగా పళని కొండ, ఇంకోవైపు వైగై డ్యామ్ నీళ్లు. దారి పక్కన మోకాలెత్తు పచ్చటి పొద ఒకటి చూపించి డ్రైవరు "ఇదే కుఱింజి" అన్నాడు. పన్నెండేళ్లకి ఒకసారి పూస్తుంది, కొండంతా నీలంగా అయిపోతుందట. పోయినసారి 2018లో పూసింది, మళ్లీ 2030లో. ఇప్పుడు చూస్తే మన తుమ్మి మొక్కంత ప్రత్యేకత కూడా లేదు. తాతయ్య ఆకు ఒకటి పట్టుకుని చూస్తూ, "అప్పటికి మన పాపకి ఐదేళ్లు" అన్నారు. "మీకు ఎనభై ఏడు" అని బాబాయి పూర్తిచేశాడు. "నా లెక్క నాకు వచ్చులే" అన్నారు తాతయ్య.

తిరిగి వచ్చే దారిలో ఆయన బండి ఆపించి ఒక కొట్లో నీలగిరి తైలం సీసా కొన్నారు. చిన్నది, యాభై మిల్లీలీటర్లది. రాత్రి అన్నాలయ్యాక అమ్మ చెప్పింది. 1979లో కూడా ఆయన అమ్మమ్మకి అదే తెచ్చారట. చీరో, గాజులో తెస్తారనుకుంటే జలుబు మందు తెచ్చారని ఆవిడ రెండు రోజులు అన్నం వడ్డించి పక్కకి వెళ్లిపోయేది. ఆ సీసాలో తైలం పిల్లల ముక్కులకే అయిపోయింది. సీసా మాత్రం బీరువాలో చీరల మడతల మధ్య ఉండేది. నాకూ గుర్తుంది, పండక్కి ఆవిడ కట్టుకున్న పట్టుచీరలోంచి ఆ వాసన వచ్చేది. అది చీర వాసనే అనుకునేదాన్ని ఇన్నాళ్లూ.

ఇప్పుడు కొన్న సీసా ఎవరికని ఎవరూ అడగలేదు.

నాలుగో రోజు, సోమవారం

తెల్లారి నడకకి పద్నాలుగు మందీ వచ్చారు. అందరం ఉన్నాం కదా అని బెంచీ దగ్గర ఫొటో తీయాలనుకున్నాం. బావ ఫోనుకి టైమర్ పెట్టి పరిగెత్తుకొచ్చేలోపు పాప ఏడుపు, పాపని చూసి పిల్లాడి ఏడుపు, పక్కనే గుర్రం సకిలింపు. పదకొండు ఫొటోల్లో ఒక్కదాన్లో కూడా అందరి కళ్లూ తెరిచి లేవు. అన్నిట్లోకీ మంచిదాన్లో తాతయ్య కెమెరా వైపు చూడట్లేదు, ఒంగి పాప సాక్సు సర్దుతున్నారు. గ్రూపులో డీపీగా అదే పెట్టాం.

దిగే దారిలో పల్లె బళ్లలో జెండా వందనాలు. పెరుమాళ్‌మలై దగ్గర పిల్లలు చేతుల్లో కాగితం జెండాలతో రోడ్డు పక్కన వరసగా నడుస్తున్నారు. బావ కొడుకు కిటికీలోంచి జైహింద్ అని అరిచాడు, వాళ్లూ అరిచారు. ఆ ఉత్సాహంలో వాడు వాంతి సంగతే మర్చిపోయాడు.

బత్లగుండులో మళ్లీ అదే మెస్సు. బావావాళ్లు ఇక్కడి నుంచి బెంగళూరు, మేం మదురై, మిగతావాళ్లు రాత్రి రైలుకి కొడైకెనాల్ రోడ్ స్టేషను. తాతయ్య పిన్నీవాళ్లతో చెన్నై వెళ్లి, అక్కడి నుంచి తెనాలి. పాపకి ఆకలి వేళ అయింది. పిన్ని సరాసరి మెస్సు వంటింట్లోకి వెళ్లి, వంటాయనకి చేతి సైగలతో ఏదో చెప్పి ఒక పొయ్యి సంపాదించింది. గిన్నెలో నీళ్లు, ఉగ్గు పిండి. వెనకాలే తాతయ్య వెళ్లి నిలబడి చొక్కా చెయ్యి పైకి లాక్కుని వాచీ చూస్తున్నారు. వంటాయన సాంబారు గరిటె పట్టుకుని ఈ ముసలాయన ఏం చేస్తున్నాడా అని చూస్తున్నాడు.

"పదకొండు నిమిషాలు" అన్నారు తాతయ్య. "మొన్న పైన ఇరవై రెండు. ఇక్కడ నీళ్లు 99 దాకా పోతాయి."

పిన్ని ఉగ్గు గరిటెతో తిప్పి, వేళ్లతో మెదిపి చూసింది. "చూశారా నాన్నా, నేను ముందే చెప్పానుగా, ఆ స్టవ్వు మంచిది కాదని" అంది.